మెనిస్కస్ చిరిగిందా? ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు తొడ కండ చూసుకోండి

బెంగళూరులో బెల్లందూరు, మారతహళ్ళి వైపు ఉండే మనవాళ్ళు వారమంతా కుర్చీకి అతుక్కుపోయి, శనివారం రాత్రి టర్ఫ్ మీద బాక్స్ క్రికెట్టో షటిలో ఆడి మోకాలు పట్టుకుని కూలబడటం మామూలైపోయింది. పాదం నేలకి ఆని ఉండగా మోకాలు మెలి తిరిగితే లోపలున్న మెనిస్కస్ చిరుగుతుంది. తొడ ఎముకకీ కింది ఎముకకీ మధ్య రబ్బరు మెత్తలా ఉండే మృదులాస్థి అది, మోకాలికి రెండు చొప్పున ఉంటాయి.

వాపు ఎప్పుడు వచ్చిందో గుర్తుపెట్టుకోండి, డాక్టర్ తప్పకుండా అడుగుతారు. దెబ్బ తగిలిన గంట రెండు గంటల్లోనే బాగా ఉబ్బితే ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి లోపల ఆ రెండు ఎముకల్నీ కలిపి పట్టే పట్టీ) తెగిందేమో చూడాలి. మర్నాటికి మెల్లగా వాచి, మెట్లు దిగేటప్పుడు ఒక పక్కన కలుక్కుమంటుంటే మెనిస్కస్ అయ్యే అవకాశం ఎక్కువ. కాలు ఎక్కడో ఇరుక్కుపోయి పూర్తిగా చాచలేకపోతే మాత్రం రెండ్రోజులు చూద్దాంలే అనుకోవద్దు, చిరిగిన ముక్క కీలు మధ్యలో అడ్డం పడి ఉండొచ్చు, వెంటనే ఆర్థోపెడిక్ సర్జన్‌కి చూపించాలి.

మొదటి రెండు మూడు రోజులు ఐస్ గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి, రోజుకి నాలుగైదు సార్లు. క్రేప్ బ్యాండేజీ, కాలి కింద దిండు. వేడినూనె మర్దనా వద్దు. ఈలోగా అమ్మ ఫోన్ చేసి పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకోరా అంటుంది, కానీ విరిగింది ఎముక కాదు కదా, వారాల తరబడి కట్టేసి కదపకుండా ఉంచితే తొడ కండ కరిగిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎక్స్‌రేలో మెనిస్కస్ కనపడదు, ఎమ్మారై కావాలి. అయితే రిపోర్టులో 'టియర్' అని చూడగానే టెన్షన్ పడకండి. యాభై దాటిన చాలామందికి నొప్పి లేకపోయినా చిరుగులు కనిపిస్తాయి. అరుగుదలతో వచ్చిన చిరుగులకి ముక్క కత్తిరించే ఆపరేషన్, ఉత్తుత్తి ఆపరేషన్ (కోత పెట్టి, ముక్క కత్తిరించకుండానే మూసేసేది) కంటే మెరుగేమీ కాదని 2013లో ఫిన్లాండ్ డాక్టర్ల అధ్యయనం తేల్చింది. కుర్రవాళ్ళకి ఆటలో చిరిగితే లెక్క వేరు: బయటి అంచుకి రక్తం అందుతుంది కాబట్టి కుట్టు వేస్తే అతుక్కుంటుంది, లోపలి అంచుకి ఆ అవకాశం తక్కువ. కుదిరితే కత్తిరించడం కంటే కుట్టడమే మేలు, కోలుకోవడం ఆలస్యమైనా సరే. కుడితే నాలుగు నుంచి ఆరు వారాలు ఊతకర్రలు, మోకాలు తొంభై డిగ్రీలు దాటి వంచకూడదు, ఆటకి నాలుగు నుంచి ఆరు నెలలు. ఆపరేషన్ తర్వాత పిక్క వాచి నొప్పెడితేనో, ఆయాసం వస్తేనో నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఆపరేషన్ అయినా కాకపోయినా తొడ కండ పని మాత్రం తప్పదు. కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందకి నొక్కండి. మోకాలి చిప్ప పైకి జరిగి తొడ గట్టిపడటం చేత్తో తాకితే తెలుస్తుంది, ఐదు సెకన్లు బిగపట్టి వదలండి, పదిసార్లు. తర్వాత రెండో మోకాలు వంచి, ఈ కాలు నిటారుగా జానెడు ఎత్తు లేపండి. మర్నాడు వాపు పెరిగితే ఎక్కువ చేసినట్టే, తగ్గించండి. చిప్పకి నాలుగంగుళాల పైన టేపుతో రెండు తొడలూ అప్పుడప్పుడూ కొలిచి రాసుకుంటే, తేడా తగ్గుతోందో లేదో చూసి ఫిజియో ఫీజు దండగా కాదా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

లిఫ్టు లేని పీజీలో మూడో అంతస్తు అయితే, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. ఇండియన్ టాయిలెట్ అయితే కమోడ్ కుర్చీ కొనుక్కోండి. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బైకు కొన్నాళ్ళు మానేయండి, అడుగడుక్కీ కాలు ఆనించి బండిని నిలబెట్టేటప్పుడే మోకాలు మళ్ళీ మెలి తిరుగుతుంది. సంక్రాంతికి ఊరెళ్ళే స్లీపర్ బస్సులో కింది బెర్త్ బుక్ చేసుకోండి, ఊళ్ళో బాసింపట్టు అడిగితే కుర్చీ తెమ్మనండి, మొహమాటం వద్దు.

మళ్ళీ ఆడాలంటే నొప్పి లేదన్న ఒక్క మాట చాలదు. వాపు లేకుండా తిన్నగా జాగింగ్ చేయగలగాలి, దెబ్బ కాలు ఒక్కదాని మీదే గెంతగలగాలి, ఆ తర్వాత పక్కకి తిరిగే పరుగులు, అవీ అయ్యాకే మ్యాచ్.