ఫిన్లాండ్‌లో సరస్సులు, అడవులు చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

మేం ఉండేది బెంగళూరులో, రోజూ ఆఫీసుకి బెల్లందూరు చెరువు పక్కనుంచే వెళ్ళాలి, ఆ నురగ ఆ వాసన చూసీచూసీ చెరువు అంటేనే మొహం తిప్పుకోవడం అలవాటైపోయింది. అందుకే ఫిన్లాండ్ వెళ్ళినప్పుడు సిటీలు తగ్గించేసి ఎక్కువ రోజులు నీళ్ళ దగ్గరే ఉన్నాం. మనవాళ్ళు యూరప్ అనగానే పది రోజుల్లో ఐదు దేశాలు పెట్టేసుకుంటారు, దీనికి మాత్రం అలా వద్దు, ఒక సరస్సు, ఒక అడవి పెట్టుకుని వారం అక్కడే ఉండండి.

ముందు వీసా. ఫిన్లాండ్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎండాకాలానికి వెళ్ళేట్టయితే సంక్రాంతి అయిపోగానే ఆ పని మొదలుపెట్టేయండి.

తర్వాత మ్యాప్ తెరిచి నాలుగు మాటలు నేర్చుకోండి, చాలా పనికొస్తాయి. యార్వి అంటే సరస్సు, యోకి అంటే నది, సారి అంటే దీవి, మెత్సా అంటే అడవి. ఇక్కడ బొమ్మసంద్ర, సింగసంద్రలో సంద్ర అనేది సముద్రం నుంచి వచ్చిందంటారు కదా, అక్కడా అంతే, పేరు చివర చూస్తే అది నీళ్ళో నేలో తెలిసిపోతుంది. దేశం మొత్తం మీద చిన్నవీ పెద్దవీ కలిపి దాదాపు 1,88,000 సరస్సులున్నాయి, నేలలో 70 శాతం పైనే అడవి, కాబట్టి ఎక్కడికెళ్ళాలా అని కంగారు అక్కర్లేదు.

టైం తక్కువుంటే హెల్సింకీ పక్కనే నూక్సియో నేషనల్ పార్క్ ఉంది, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు. టైం ఉంటే మాత్రం సైమా సరస్సుకి వెళ్ళండి, దేశంలో అదే పెద్దది, సవోన్లిన్నా ఊళ్ళో దిగితే నీళ్ళ మధ్యలో 1475లో కట్టడం మొదలుపెట్టిన ఒలావిన్లిన్నా కోట కూడా చూడొచ్చు.

మొదటిసారి ఒడ్డున కూర్చుని చెయ్యి ముంచితే వేళ్ళు ఎర్రగా కనిపించాయి, అచ్చం పల్చటి డికాక్షన్‌లో ముంచినట్టు. మురికేమో అనుకుని చటుక్కున తీసేశాను, వాసన చూస్తే ఏమీ లేదు. చుట్టూ ఉన్న బురద నేలల నుంచి, అడవిలో కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే రంగు అదంట, అక్కడ చాలా సరస్సులు అలాగే ఉంటాయి. ఇంకో మాట, హెల్సింకీలో కుళాయి తిప్పితే వచ్చేది పైయన్నె అనే సరస్సు నీళ్ళే, 120 కిలోమీటర్ల సొరంగం రాతిలో తవ్వి 1982లో పూర్తిచేశారు. ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే మనకి ఆ కుళాయి దగ్గర నిలబడి గ్లాసు నింపుకుంటుంటే కళ్ళు చెమర్చాయి, నిజంగా.

అడవిలో ఎవరి భూమి అయినా నడవొచ్చు, పళ్ళు కోసుకోవచ్చు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు, అది అక్కడ అందరికీ ఉన్న హక్కు. కానీ ఇళ్ళ ముంగిట్లోకి వెళ్ళకూడదు, భూమి యజమాని ఒప్పుకోకుండా మంట వేయకూడదు, నేషనల్ పార్కుల్లో టెంట్ కూడా చూపించిన చోటే వేయాలి, అడవి మంటల హెచ్చరిక ఉన్న రోజుల్లో అసలు అగ్గిపుల్ల ముట్టుకోకండి. జులై చివర, ఆగస్టులో వెళ్తే ముస్తిక్క అనే చిన్న నీలం పళ్ళు మోకాలి ఎత్తు కూడా లేని పొదల్లో దొరుకుతాయి, వేలితో రుద్దితే పైనున్న బూడిద పొర పోయి నల్లగా మెరుస్తాయి, పిల్లలు తింటే నాలుక నేరేడు పళ్ళు తిన్నట్టే అయిపోతుంది.

దోమలు మాత్రం బాగా ఉంటాయి, ఫుల్ చేతుల చొక్కా, దోమల క్రీము తప్పనిసరి. గడ్డిలో తిరిగొచ్చాక పిడుదులు పట్టాయేమో ఒళ్ళంతా చూసుకోండి, ముఖ్యంగా సముద్రతీరం వైపు వెళ్తే. ఏదన్నా జరిగితే 112కి ఫోన్ చేయాలి.

సైమాలోనే ఉండే సీల్ జంతువుని చూడాలనుంటే మే చివర్లో వెళ్ళండి, బొచ్చు రాల్చుకునే టైం కాబట్టి రాళ్ళమీదకొచ్చి ఎండ కాగుతాయి. మంచుయుగం తర్వాత నేల పైకి లేచి సముద్రంతో సంబంధం తెగిపోతే ఆ సరస్సులోనే మిగిలిపోయిన జాతి అది, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద సుమారు 500 దాకా ఉన్నాయి. పడవవాళ్ళు దూరంలోనే ఇంజన్ ఆపేస్తారు, మీరు కూడా మాట్లాడకండి, పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, బైనాక్యులర్స్ మర్చిపోకండి.