రోజూ పప్పు తింటున్నాం కదా, ప్రోటీన్ ఎందుకు చాలట్లేదు?

సమస్య: బరువు తగ్గింది, బలమూ తగ్గింది

జిమ్‌లో చేరి రెండు నెలలైంది. అన్నం సగం చేశారు, స్వీట్లు మానేశారు, ఆరు కిలోలు తగ్గారు. కానీ బెల్టు మాత్రం పాత రంధ్రం దగ్గరే ఆగుతోంది. మొదటి నెలలో పన్నెండుసార్లు ఎత్తిన బరువు ఇప్పుడు ఎనిమిదిసార్లకే దించేస్తున్నారు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఏంటలా పీక్కుపోయావు, ఒంట్లో బాగుండట్లేదా?" అని అడుగుతున్నారు. ఇవన్నీ కలిసి కనిపిస్తే, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతోందేమోనని అనుమానించాలి.

కారణం చాలా ఇళ్లలో ఒకటే. అన్నం తగ్గించారు కానీ, ఆ ఖాళీలోకి ప్రోటీన్ రాలేదు. "రోజూ పప్పు తింటున్నాం కదా" అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి, ఒకరోజు వంటింట్లో తూకం పెట్టి చూసేదాకా. నలుగురున్న మా ఇంట్లో రోజుకి కుక్కర్లో పడే కందిపప్పు 200 గ్రాములు. అందులో ప్రోటీన్ సుమారు 44 గ్రాములు. నలుగురు రెండు పూటలా తింటే ఎనిమిది వాటాలు. అంటే ఒక పూటకి ఒక్కొక్కరికి అందేది అయిదున్నర గ్రాములు, ఒక గుడ్డుకి కాస్త తక్కువ! అదే పప్పుచారు చేస్తే గిన్నె నిండుగా కనిపిస్తుంది, పెరిగింది మాత్రం నీళ్లే.

ఇక ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు ఆరోగ్యవంతులకి శరీర బరువులో కిలోకి రోజుకి 0.83 గ్రాములు. 75 కిలోల మనిషికి 62 గ్రాములు. తిండి తగ్గించి, బరువులు ఎత్తుతూ, కండ నిలుపుకోవాలనుకునేవాళ్లకి అది చాలదు. కిలోకి 1.6 గ్రాముల దగ్గర్లో ఉండాలి, అంటే 120. బరువు బాగా ఎక్కువుంటే ఇప్పటి బరువుతో కాకుండా చేరాలనుకున్న బరువుతో లెక్క వేసుకోండి. నాలుగు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, పెరుగు, రాత్రి మూడు చపాతీలు, రెండు టీలు... ఈ రోజంతా కలిపితే 45, 50 దాటదు.

పరిష్కారం: పప్పుని గరిటెతో కాదు, వండకముందు తూకంతో లెక్కపెట్టండి. మీ ఒక్కరికే రోజుకి వండని పప్పు 50, 60 గ్రాములు పడేలా చూసుకుని, ముద్దపప్పులా గట్టిగా వండించుకోండి. పొద్దున ఇడ్లీ బదులు 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, పక్కన రెండు ఉడికించిన గుడ్లు అయితే 26 గ్రాములు అక్కడే వచ్చేస్తాయి. పెసరట్టులో ఉప్మా మాత్రం వద్దు. రుచికి నేనేమీ అనను కానీ, ఆ చోటంతా రవ్వదే అవుతుంది. మాంసం తినేవాళ్లు ఆదివారం ఒక్కరోజే కిలో చికెన్ తెచ్చే బదులు, వారంలో నాలుగైదు రోజులు మనిషికి ఎముకలు తీసిన 150 గ్రాములు పెట్టుకోవాలి. చికెన్ అయితే 30 గ్రాములకి పైనే, శీలావతి లాంటి చేపైతే పాతిక దాకా ప్రోటీన్ దొరుకుతుంది.

శాకాహారులకి అన్నిటికంటే చవకైన దారి మీల్‌మేకర్. 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో దాదాపు 26 గ్రాములు ఉంటాయి. ఉప్పు నీళ్లలో ఉడికించి, గట్టిగా పిండి, మసాలాలో వేయిస్తే ఆ పచ్చి వాసన పోతుంది. దానికి పావు లీటరు పాలు, గిన్నెడు గట్టి పెరుగు, 100 గ్రాముల పనీర్ తోడైతే లక్ష్యం దగ్గరకొస్తుంది.

సమస్య: ప్రోటీన్ పెంచాక బరువు తగ్గడం ఆగిపోయింది

ముందుగా చేతిలో పల్లీలు ఉన్నాయేమో చూసుకోండి. గుప్పెడు, అంటే 30 గ్రాముల పల్లీల్లో ప్రోటీన్ ఏడెనిమిది గ్రాములే, కేలరీలు 170. పల్లీ నిజానికి నూనెగింజ, దాన్ని ప్రోటీన్ కోసం తినడం పప్పు కోసం పులిహోర తిన్నట్టే. పనీర్‌లోనూ ప్రోటీన్‌కి సమానంగా కొవ్వు ఉంటుంది కాబట్టి 100 గ్రాములు దాటనివ్వకండి.

రెండో దొంగ నూనె. నలుగురికి నెలకి నాలుగు లీటర్లు అయిపోతుంటే, ఒక్కొక్కరి కంచంలోకి రోజూ సుమారు 275 కేలరీలు నూనెగానే వస్తున్నట్టు. నెల మొదట్లో మూత తీసిన తేదీని ప్యాకెట్ మీద రాసి పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

తూకం ఒక్కటే చూసి టెన్షన్ పడొద్దు. వారానికోసారి పొద్దున్నే బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. బరువు ఆగినా నడుము తగ్గుతుంటే పని జరుగుతున్నట్టే. బరువు వారానికి అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే చాలు. ఇంకా వేగంగా తగ్గుతుంటే కాస్త అన్నం తిరిగి కలుపుకోండి.

సమస్య: ప్రోటీన్ సరిపోతోంది, బలం పెరగట్లేదు

ఇది వంటింటి తప్పు కాదు. ఆరు నెలలుగా అవే డంబెల్స్ ఎత్తుతుంటే శరీరానికి కండ పెంచాల్సిన అవసరమేముంది? ఎనిమిదిసార్లు ఎత్తగలిగిన బరువుని పన్నెండుకి చేర్చండి, తర్వాత 2.5 కిలోలు పెంచి మళ్లీ ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. నోట్‌బుక్‌లో రాసుకోండి. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసేవాళ్లు ముందు నిద్ర సంగతి చూసుకోవాలి.

సమస్య: గ్యాస్, మలబద్ధకం

యాభై నుంచి నూట ఇరవైకి ఒక్కరోజులో దూకితే పొట్ట ఎదురు తిరుగుతుంది. వారానికి ఇరవై గ్రాముల చొప్పున పెంచండి. శనగలు, రాజ్మా రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండండి. కంచంలో అన్నం ఖాళీ చేసిన చోట తోటకూర, బీరకాయ, సొరకాయ లాంటివి పెరగాలి. మాంసం మీద మాంసం కాదు.

సమస్య: "ప్రోటీన్ పౌడర్లు తాగితే కిడ్నీలు పోతాయట"

వే పౌడర్ పాల నుంచి తీసిందే, మందు కాదు. తిండితో సరిపోతే అక్కర్లేదు. సరిపోనప్పుడు రోజుకి ఒక స్కూప్ పనికొస్తుంది. కొనేటప్పుడు స్కూప్ బరువు, అందులో ప్రోటీన్ చూడండి: 30 గ్రాములకి 24 ఉంటే మంచిదే. సగం కూడా లేదంటే మిగతాది ఎక్కువగా చక్కెర, పిండే.

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకి ఈ మోతాదు చెడు చేస్తుందని తేలలేదు. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్కలేవీ వర్తించవు. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో కిడ్నీ సమస్య బయటపడకుండా ఉండొచ్చు కాబట్టి, ప్రోటీన్ పెంచేముందే కిడ్నీల పనితీరు చెప్పే రెండు పరీక్షలు, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, చేయించుకుని డాక్టర్‌ని అడగండి. జిమ్‌కి వెళ్లేవాళ్లు బలం కోసం తీసుకునే క్రియాటిన్ అనే సప్లిమెంట్ వాడుతుంటే ఆ సంగతి కూడా చెప్పండి, ఎందుకంటే అది వాడితే కిడ్నీలు బాగున్నా క్రియాటినిన్ అంకె కాస్త పెరిగి కనిపించవచ్చు.