రోహిణి కార్తెకి కూడా పగలని టేకు టేబుల్ చేయించుకోవడం ఎలా

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా ఇంట్లో రోలు బానే ఉంది, డైనింగ్ టేబులే పగిలింది. విజయవాడ పటమటలో ఫ్లాట్‌లోకి దిగిన కొత్తలో, ఆగస్టు వానల్లో, ముచ్చటపడి చేయించుకున్న టేకు టేబుల్ అది. మే నెలాఖరున ఒక రాత్రి అందరం హాల్లోనే ఏసీ వేసుకుని పడుకుంటే టప్‌మని శబ్దం వచ్చింది. పిల్లి ఏదో పడేసిందనుకున్నాం, పొద్దున చూస్తే పలక మధ్యలో ఈ కొస నుంచి ఆ కొస దాకా నెర్రె. కలప డిపో వాళ్ళు నాసిరకం చెక్క అంటగట్టారని వారం రోజులు తిట్టుకున్నాను గానీ తప్పు చెక్కది కాదు. పలకని కింద చట్రానికి జిగురు పూసి, పన్నెండు స్క్రూలతో బిగించాం. "ఇంక జన్మలో కదలదు సార్" అన్నాడు మేస్త్రీ. కదలనివ్వకపోవడం వల్లే అది పగిలింది.

చెక్క ఎన్నేళ్ళయినా గాలిలో తేమని పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. పొడవు దాదాపు మారదు, వెడల్పే మారుతుంది. వానాకాలం ఉబ్బుతుంది, పడమటి గాలి మొదలైతే ముడుచుకుంటుంది, ఏసీ గదిలో ఇంకాస్త ముడుచుకుంటుంది. చాలా కలపలతో పోలిస్తే టేకు తక్కువే కదులుతుంది, అయినా 3 అడుగుల వెడల్పు పలకలో వానాకాలానికీ ఎండాకాలానికీ 5 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. ఇది పాతకాలం వడ్రంగులకి బాగా తెలుసు. తెనాలిలో మా అమ్మమ్మ వాళ్ళ వీధి తలుపుకి వేసవి వస్తే పలక అంచున రంగు పడని సన్నటి గీత బయటపడేది, వానలు పడగానే మళ్ళీ గాడిలోకి దాక్కునేది. పలకకి ఎక్కడా జిగురు పెట్టకుండా చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టారు కాబట్టే ఆ తలుపు మూడు తరాలు చూసింది.

సరే, పనిలోకి వద్దాం. డిపోకి వెళ్ళే ముందు కొలతలు తేల్చుకోండి. టేబుల్ ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ కూర్చునే చోటు నేల నుంచి 18 అంగుళాలు, మనిషికి 24 అంగుళాల వెడల్పు. ఈ లెక్కన 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉంటే అటూ ఇటూ ఇద్దరేసి, కొసల్లో ఒక్కొక్కరు, మొత్తం ఆరుగురు సర్దుకోవచ్చు. పలక కింద కాళ్ళని కలిపే అడ్డకర్ర వెడల్పు 4 అంగుళాలు దాటనివ్వకండి, దాటితే తొడలు తగులుతాయి. టేబుల్ అంచు నుంచి గోడకి 3 అడుగులు వదలాలి, లేకపోతే ఒకరు లేవాలంటే ఇంకొకరు కుర్చీ జరుపుకోవాలి. అదే కొలతకి హాల్లో న్యూస్ పేపర్లు పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. మా ఆవిడ ఈ పని చేశాకే 6 అడుగుల టేబుల్ ఆశ వదులుకున్నాను.

డిజైన్ విషయంలో నా మాట వింటే, సింహం పాదాలూ లతలూ వద్దు. ఇప్పటి ఫ్లాట్లలో సాదా కాళ్ళు, లోపలివైపు మాత్రమే కిందకి సన్నబడేలా చెక్కించినవి, తేలిగ్గా కనిపిస్తాయి, దుమ్ము తుడవడం కూడా సులువు. అంచులు కొద్దిగా గుండ్రం చేయించండి, పిల్లలున్న ఇంట్లో అయితే మూలలు కూడా.

కలప లెక్క ఘనపుటడుగుల్లో, డిపోలో సీఎఫ్‌టీ అంటారు. చిత్రిక పట్టాక అంగుళం మందం మిగలాలంటే అంగుళంపావు పలక కొనాలి. 5 అడుగులు, 3 అడుగులు, అంగుళంపావు అంటే ఒకటిన్నర ఘనపుటడుగు పైచిలుకు. 3 అంగుళాల నలుచదరం కాళ్ళు నాలుగింటికి అర పైన, అడ్డకర్రలకి ఇంకో అర. రెండున్నర పైన రెండుమ్ముప్పావు లోపు వస్తుంది, తరుగుకి పావు వంతు కలిపితే మూడున్నర దాటదు. మీ మేస్త్రీ ఆరు చెబితే కాగితం మీద వేసి చూపించమనండి, గొడవ పడక్కర్లేదు. దుంగే కొంటే లెక్క వేరు. చుట్టుకొలతని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 48 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు ఉన్న దుంగ ఈ లెక్కలో 8 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం 10 పైనే ఉంటుంది, ఆ తేడా కోతలో పోయేదానికి వదిలేస్తారు.

టేకు వచ్చిన చోటుని బట్టి బర్మా, బల్లార్షా, ఆఫ్రికా అని పేర్లు చెప్పి రేట్లు చెబుతారు. పేరు కన్నా చేవ చూడండి. లోపలి బంగారు గోధుమ రంగు భాగమే చేవ, చెద దాని జోలికి అంత సులువుగా రాదు. అంచున తెల్లగా ఉండేది టేకే అయినా చెదకీ పుచ్చుకీ లోకువే. పాలిష్‌లో రంగు కలిపి ఆ తెలుపుని దాచేస్తుంటారు, కాబట్టి పాలిష్ చేయని చెక్కే చూడాలి. తయారైన ఫర్నిచర్ కొనేవాళ్ళు పలక కొసని చూడండి. పైన కనిపించే గీతలు కొసకి వచ్చి మలుపు తిరిగి కొనసాగితే లోపలంతా అదే ఉన్న గట్టి చెక్క, అక్కడితో ఆగిపోతే పైన అతికించిన పొర. ఆన్‌లైన్‌లో సాలిడ్ వుడ్ అని వచ్చేవాటిలో రబ్బరు చెక్క చాలా ఉంటుంది. అది మోసం కాదు, నిజంగా గట్టి చెక్కే, కాకపోతే తడికీ చెదకీ ఆగదు.

నాకైతే పాత కలపే ఇష్టం. పెంకుటిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నప్పుడు దూలాలు, ద్వారబంధాలు అమ్మకానికి వస్తాయి. అవి ఏళ్ళ తరబడి ఆరి స్థిమితపడ్డ చెక్కలు, వానకీ ఎండకీ కాస్త కదలడం మాత్రం మానవు. కోతకి పంపే ముందు అయస్కాంతం పెట్టి అంతా తడమండి, లోపల విరిగిన మేకు ఒక్కటున్నా రంపం పళ్ళు పోతాయి, ఆ ఖర్చు మీ నెత్తినే. తాతగారి పొలం గట్టు మీద టేకు చెట్టు ఉందని సంబరపడేవాళ్ళు, కొట్టించే ముందు అటవీ శాఖ అనుమతి గురించి కనుక్కోండి.

కొన్నాక తొందరపడకండి. ఆరడం దగ్గరే అందరం దెబ్బతింటాం. తేమ కొలిచే చిన్న మీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, రెండు సూదులుంటాయి, చెక్కలో గుచ్చితే శాతం చూపిస్తుంది. 10 నుంచి 12 మధ్య ఉంటే పని మొదలుపెట్టొచ్చు, 18 అంటే మొహమాటం లేకుండా ఆగండి. మీటర్ లేకపోతే ఒక ముక్కని వంటింటి కాటా మీద వారానికోసారి తూచండి, బరువు తగ్గడం ఆగిందాకా అది ఆరుతున్నట్టే. పలకల మధ్య ఒకే మందం పుల్లలు పెట్టి, నీడలో, గాలి ఆడేలా పేర్చాలి. ఎండలో పడేస్తే త్వరగా ఆరుతుందనుకుంటారు, పైపొర ముందు ఆరి పగుళ్ళిస్తుంది. చివర్లో ఒక రెండు మూడు వారాలు టేబుల్ వేసే గదిలోనే ఉంచగలిగితే ఇంకా మంచిది, ఇంట్లోవాళ్ళు సణుగుతారు, భరించాలి.

కాళ్ళకీ అడ్డకర్రలకీ కుసి అతుకు వేయించండి. అంటే కాలికి గాడి తొలిచి, అడ్డకర్ర కొసని నాలుకలా చెక్కి అందులోకి దిగేయడం. ఇక్కడ జిగురు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. పలకలోని చెక్కలు పక్కపక్కన అతికించేటప్పుడూ జిగురే. పలకని చట్రానికి బిగించేటప్పుడు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. అడ్డకర్రల్లో స్క్రూ రంధ్రాలు గుండ్రంగా కాకుండా, పలక వెడల్పు వైపు సాగదీసినట్టు కోలగా తొలిపించి, వాషర్ వేసి బిగించాలి. వెడల్పుకి నడిమధ్యన ఉన్న స్క్రూలు మాత్రం మామూలు రంధ్రాల్లోనే బిగించొచ్చు, అప్పుడు పలక రెండు వైపులా సమానంగా సాగుతుంది, ముడుచుకుంటుంది. మేస్త్రీలకి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. పాత తలుపు సంగతి చెప్పండి, వెంటనే ఒప్పుకుంటారు, వాళ్ళ నాన్నలు చేసిన పనే కదా.

పాలిష్‌కి ముందు గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 180, 240 దాకా, గీతల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దిన గీరలు పాలిష్ పడ్డాకే కనిపిస్తాయి. రోజూ చారు ఒలికే టేబుల్‌కి పీయూ (పాలీయురెథేన్) పాలిష్ తట్టుకుంటుంది, నూనె పాలిష్ చెయ్యికి హాయిగా ఉంటుంది గానీ ఏడాదికోసారైనా మళ్ళీ పట్టించాలి. ఏదైనా సరే పలక అడుగున కూడా వేయించండి. పైన మాత్రమే వేస్తే కింద నుంచి తేమ ఎక్కి పలక పడవలా వంగుతుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డల్ని ముద్దగా పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, విప్పి ఆరబెట్టండి.

ఇంటి నిండా గట్టి చెక్కే కావాలన్న పట్టుదల వద్దు. సింకు కింద పెట్టెలకి తడికి ఆగే, ఐఎస్ 710 మార్క్ ఉన్న మెరైన్ ప్లైవుడ్డే నయం, అలమరా లోపలి అరలకి కూడా ప్లైవుడ్ చాలు. చెయ్యి తగిలే చోట, కంటికి కనిపించే చోట, అంటే టేబుల్, మంచం, వీధి తలుపు, వీటికి పెట్టండి డబ్బు.

మా కొత్త పలక రెండు రోహిణి కార్తెలు దాటింది. వేసవిలో అంచు దగ్గర చూస్తే రెండు వైపులా కాస్త లోపలికి జరిగినట్టు తెలుస్తుంది, సెప్టెంబరుకల్లా సర్దుకుంటుంది. పగిలిన పాతదాన్ని నెర్రె వెంటే కోయిస్తే రెండు ముక్కలయ్యాయి. ఒకటి బాల్కనీలో బెంచీ, రెండోదాని మీద టీవీ పెట్టాం.