లోపలి సెల్‌కూ బయటి టవర్‌కూ ఒకే ఫ్రీక్వెన్సీని సర్దుబాటు చేయడం ఎలా

భవనం లోపలి మొబైల్ నెట్‌వర్క్‌కు, అంటే లోపలి సెల్‌కు, విడిగా ఒక ఫ్రీక్వెన్సీ దొరికితే పని సులువే. స్పెక్ట్రమ్ పరిమితంగా ఉన్నప్పుడు మాత్రం బయటి టవర్ వాడుతున్న క్యారియర్‌నే (ఫ్రీక్వెన్సీనే) లోపలా వాడుకోవలసి వస్తుంది.

పరికరాలు బిగించకముందే భవనమంతా తిరిగి బయటి టవర్ల సిగ్నల్‌ను కొలవాలి. పై అంతస్తుల కిటికీల దగ్గర ఎక్కువసేపు కొలవడం అవసరం, ఎందుకంటే అక్కడికి దూరపు టవర్ల సిగ్నల్ కూడా అడ్డులేకుండా చేరుతుంది.

లోపలి సెల్ సిగ్నల్ దాదాపు అన్నిచోట్లా బయటి దానికన్నా 5 నుంచి 10 డెసిబెల్స్ ఎక్కువ ఉండేలా చూడాలి. కిటికీ పక్కన టవర్ సిగ్నల్ −85 డీబీఎం (సిగ్నల్ శక్తికి కొలమానం; మైనస్ సంఖ్య ఎంత చిన్నదైతే అంత బలం) ఉంటే, లోపలిది −78 అయినా ఉండాలి. ఇందుకోసం భవనం మధ్యనున్న యాంటెన్నా పవర్ పెంచితే సిగ్నల్ వీధిలోకి పొంగి, దారిన పోయేవారి ఫోన్లు కూడా లోపలి సెల్‌ను పట్టుకుంటాయి. నా దృష్టిలో సరైన మార్గం, కిటికీ గోడకే చిన్న డైరెక్షనల్ యాంటెన్నాలను లోపలివైపు తిప్పి, తక్కువ పవర్‌తో అమర్చడం. అప్పుడు కిటికీ దగ్గరి ఫోన్‌కు బలమైన సిగ్నల్ అందుతుంది, వీధిలోకి వెళ్లేది మాత్రం యాంటెన్నా వెనుకవైపు నుంచి వచ్చే కొద్దిపాటి సిగ్నలే.

అప్‌లింక్‌ను, అంటే ఫోన్ నుంచి నెట్‌వర్క్‌కు వెళ్లే సిగ్నల్‌ను, చాలామంది పట్టించుకోరు. లోపల ఉంటూ దూరపు టవర్‌కు కనెక్ట్ అయిన ఫోన్ తన పూర్తి శక్తితో, అంటే సాధారణంగా 23 డీబీఎం దాకా ప్రసారం చేస్తుంది కాబట్టి, పక్కనే ఉన్న లోపలి సెల్‌కు అది పెద్ద అంతరాయమవుతుంది. కిటికీల దగ్గర లోపలి సెల్‌దే పైచేయిగా ఉండాలనడానికి ఇది మరో కారణం.

టీడీడీ బ్యాండ్ (పంపడం, అందుకోవడం ఒకే ఫ్రీక్వెన్సీలో వంతులవారీగా జరిగేది) అయితే రెండు నెట్‌వర్క్‌ల ఫ్రేమ్ అమరిక (ఏ వంతు ఎప్పుడన్న క్రమం) ఒకటే కావాలి, సమయంలో తేడా 3 మైక్రోసెకన్లు మించకూడదు. జీపీఎస్ గానీ పీటీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలను కలిపే పద్ధతి) గానీ ఇందుకు పనికొస్తుంది. సింక్ తప్పిన సెల్ దానంతటదే ప్రసారం ఆపేసేలా సెట్ చేయాలి.

ఎల్టీఈ (4జీ)లో 504, 5జీలో 1008 పీసీఐలు (సెల్‌లకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఉన్నాయి. పొరుగు సెల్‌లకు ఒకే సంఖ్య ఇవ్వకూడదు. నైబర్ లిస్ట్‌లో (పొరుగు సెల్‌ల జాబితాలో) లోపలి సెల్‌ను టవర్ వైపు కూడా చేర్చాలి, లేకపోతే లోపలికి వచ్చేవారి కాల్ తెగిపోవచ్చు. హ్యాండోవర్ (ఫోన్ ఒక సెల్ నుంచి మరో సెల్‌కు మారడం) ప్రవేశద్వారం దగ్గరే జరగాలి గానీ, లిఫ్టులో కాదు.

చివరగా భవనానికి 10 మీటర్ల దూరంలో చుట్టూ నడుస్తూ మళ్లీ కొలవాలి. లోపలి సిగ్నల్ టవర్‌దానికన్నా కనీసం 10 డెసిబెల్స్ తక్కువగా లేనిచోట, ఆ వైపు యాంటెన్నా పవర్‌ను మాత్రమే తగ్గించి, ఆ వైపు గదిలో లోపలి కొలత మరోసారి తీసుకోవాలి.