షోకేస్‌లోకి వెళ్లే పాత ఎలక్ట్రిక్ గిటార్: ఏం కనిపిస్తే ఏం చేయాలి

ముందే ఒక మాట. ఇది గిటార్‌ని మళ్లీ మోగించడం గురించి కాదు. "పాడైంది కదా, మార్చేద్దాం" అనేది రిపేర్ షాపులో సరైన మాటే, మ్యూజియంలో మాత్రం కాదు. 1960ల మొదట్లో తయారైన ఫెండర్ కంపెనీ గిటార్లు స్ట్రాటోకాస్టర్, జాజ్‌మాస్టర్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. రాబోయే గొడవలన్నీ వాటిలో ఉన్నాయి.

పిక్‌గార్డ్ ముడుచుకుపోయింది, దాని చుట్టూ స్క్రూల మీద పచ్చటి పొడి

చాలామంది చెమట తుప్పు అనుకుని స్క్రూలు తుడిచేసి ఊరుకుంటారు, నెలల్లో మళ్లీ వస్తుంది. అసలు దోషి పిక్‌గార్డే, అంటే గీతలు పడకుండా గిటార్ ముందువైపు బిగించే ప్లాస్టిక్ పలక. 1959 నుంచి 1960ల మధ్య దాకా ఫెండర్ వాడిన తాబేటిచిప్ప రంగు గార్డులు, లేత ఆకుపచ్చకి తిరిగిన తెల్ల గార్డులు చాలావరకు సెల్యులాయిడ్, అంటే సెల్యులోజ్ నైట్రేట్. పాతకాలం సినిమా రీళ్లు ఏ ప్లాస్టిక్ మీద ఉండేవో ఇది ఆ జాతిదే. ముసలిదైన కొద్దీ కుంచించుకుపోతుంది, నైట్రోజన్ ఆక్సైడ్ ఆవిర్లు వదులుతుంది, అవి గాలిలోని తేమతో కలిస్తే ఆమ్లం. పక్కనున్న స్క్రూలు, పికప్‌ల (తీగల కదలికని విద్యుత్తుగా మార్చే భాగాలు) అయస్కాంతాల తలలు అన్నీ దెబ్బతింటాయి.

ఏం చేయాలంటే, కుంచించుకున్న గార్డుని లాగి పాత రంధ్రాల్లో బిగించే ప్రయత్నం వద్దు, స్క్రూ దగ్గరే పగులుతుంది. ఎక్కడ లాగుడు ఎక్కువగా ఉందో ఆ స్క్రూ తీసి, ఏ రంధ్రానిదో రాసి, కవర్లో దాచండి. షోకేస్‌ని గాలి ఆడకుండా మూసేయడం ఇక్కడ పెద్ద తప్పు, ఆవిరి లోపలే తిరుగుతూ కుళ్లుని ఇంకా తొందర చేస్తుంది. గాలి ఆడాలి, లేదంటే లోపల యాక్టివేటెడ్ చార్‌కోల్ పెట్టి మారుస్తూ ఉండాలి. పగుళ్లు పాకి, గార్డు జిగటగా, ఘాటు వాసనతో ఉంటే దాన్ని విడిగా చల్లటి చోట భద్రపరిచి, గిటార్‌కి నకలు బిగించి, అది నకలని లేబుల్ మీద రాసేయండి. త్వరగా అంటుకునే పదార్థం కాబట్టి వేడెక్కే హాలోజెన్ బల్బు దగ్గరికి రానివ్వకండి.

స్టాండ్ తగిలిన చోట పూత మెత్తబడింది

రబ్బరు, లేదా వినైల్. అందులో ఉండే మెత్తబరిచే రసాయనం నైట్రోసెల్యులోజ్ పూతలోకి దిగిపోతుంది. ఆ మచ్చ తిరిగి పోదు, స్పిరిట్‌తో తుడిస్తే పూతే కరిగి వస్తుంది. స్టాండ్ మార్చడమే పని. తగిలేచోట పాలిథిలిన్ ఫోమ్, దాని మీద ఉతికిన రంగులేని నూలుగుడ్డ చాలు.

పూతలో సన్నటి గీతలు

చెక్క ఒకలా, పూత ఒకలా సాగుతాయి, ముడుచుకుంటాయి. హఠాత్తుగా చలి తగిలితే పూత చిట్లుతుంది. దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా. పాలిష్ మాత్రం రాయకండి, గీతల్లో తెల్లగా ఇరుక్కుంటుంది. తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉంచండి. గిటార్ బయటి నుంచి వస్తే, పెట్టె తెరవకుండా ఒక రోజు గదిలో ఉంచాకే తీయండి.

ఎరుపు వెలిసిపోయింది

వెలుతురు. 1958–60 గిబ్సన్ లెస్ పాల్ సన్‌బర్స్ట్‌లలో (అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా రంగు వేసిన గిటార్లు) ఎరుపు ఎగిరిపోయి తేనెరంగుకి తిరిగినవి ఎన్నో. పోయిన రంగు రాదు, మిగిలింది కాపాడాలి. 50 లక్స్ (వెలుతురు కొలత) దగ్గర రోజుకి 8 గంటల చొప్పున 300 రోజులు ప్రదర్శిస్తే 1,20,000 లక్స్ గంటలు. అదే 200 లక్స్ దీపం కింద ఆ మోతాదు 75 రోజుల్లోనే పూర్తవుతుంది! ఫొటోలు బాగా రావాలని లైట్ పెంచమనేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

షోకేస్ తలుపు తీయగానే వెనిగర్ వాసన

ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమిన పలక), ప్లైవుడ్, లేదా అద్దాలు అతికించిన సిలికాన్ సీలెంట్. ఇవన్నీ ఎసిటిక్ ఆమ్లం వదలగలవు, సీసం కలిసిన టంకానికి ఇది ప్రమాదం. కొత్త సామగ్రి వాడే ముందు ఆడీ పరీక్ష చేయించండి: వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి గాజు పాత్రలో మూసి, 60 డిగ్రీల వేడిలో 28 రోజులు ఉంచుతారు. లోహం రంగు మారితే ఆ సామగ్రి వద్దు.

నెక్ వంగింది

10–46 సైజు తీగలు పూర్తిగా బిగిస్తే నెక్ మీద దాదాపు 45 కిలోల లాగుడు. ప్రదర్శనకి అంత అవసరం లేదు, నాలుగైదు స్వరాలు దించండి, నెక్ లోపలి ట్రస్ రాడ్ అనే కడ్డీని కూడా ఆ మేరకు వదులు చేయండి, లేకపోతే నెక్ వెనక్కి వంగుతుంది. తీగలన్నీ తీసేస్తే జాజ్‌మాస్టర్‌తో ఇంకో చిక్కు ఉంది: దాని బ్రిడ్జి (తీగలు ఆనుకునే లోహపు భాగం) స్క్రూలతో బిగించింది కాదు, తీగల ఒత్తిడితోనే గూటిలో కూర్చుంటుంది. గిటార్‌ని వాల్చిన రోజు జారి నేల మీద ఉంటుంది.

శబ్దం రావడం లేదు, లేదా గరగర

వదిలేయండి, మ్యూజియంలో అది వాయించదు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టొద్దు, టంకం మళ్లీ కరిగించొద్దు. కావాలంటే జాక్ (కేబుల్ గుచ్చే చోటు) దగ్గర మల్టీమీటర్ పెట్టి రీడింగ్ రాసుకోండి, స్ట్రాటోకాస్టర్ పికప్ అయితే సుమారు 5 నుంచి 7 కిలో ఓమ్స్ రావాలి. ఎవరూ ముట్టని టంకం గిటార్ పుట్టుకకి సాక్ష్యం. పాట్ (శబ్దం పెంచి తగ్గించే నాబ్ కింది భాగం) వెనక 304 6320 అని ఉంటే స్టాక్‌పోల్ కంపెనీ 1963లో 20వ వారంలో చేసిందని అర్థం. గరగర పోవాలని కొత్త పాట్ వేస్తే గరగరతోపాటు ఆ తేదీ కూడా చెత్తబుట్టలోకే పోతుంది.