ఏనుగుల నడుమ బతుకుతున్న పల్లెలకు వెళ్లేవారికి

రామప్ప గుడి పీఠం చుట్టూ బారులు తీరిన రాతి ఏనుగులను చూస్తూ పెరిగిన మనకు, అడవి ఏనుగు మన చేనులోకే వచ్చి నిలబడితే ఏం చేయాలో తెలియదన్న సంగతి 2024 ఏప్రిల్‌లో బయటపడింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవుల నుంచి ప్రాణహిత దాటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒక ఒంటరి ఏనుగు దాడిలో చింతలమానేపల్లి, పెంచికల్‌పేట మండలాలకు చెందిన ఇద్దరు రైతులు ఒకరి వెంట ఒకరు ప్రాణాలు కోల్పోయారు. పులి జాడ, ఎలుగు జాడ తెలిసిన ఆ ఊళ్లకు ఏనుగు జాడ తెలియదు. తెలిసిన ఊళ్లు తెలుగునాటే ఉన్నాయి. చిత్తూరు జిల్లాలోని పలమనేరు, కుప్పం ప్రాంతపు పల్లెలు అటువంటివి. ఏనుగును చూడాలన్న కోరికతో అక్కడికి వెళ్లకండి. దానితో నలభై ఏళ్లుగా వేగుతున్న మనుషులను కలిసి, వారు చెప్పేది వినడానికి వెళ్లండి. ఈ సూచనలన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

సుమారు రెండు వందల ఏళ్లపాటు ఆ ప్రాంతంలో ఏనుగులు లేవు. 1980వ దశకంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు రావడం మొదలై, కొన్ని అక్కడే స్థిరపడ్డాయి. 1990లో దాదాపు 357 చదరపు కిలోమీటర్ల అడవిని కౌండిన్య అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచు వెంబడే చెరకు, వరి, అరటి, మామిడి, టమాటా పండించే ఊళ్లు ఉన్నాయి. రోజుకు నూటయాభై కిలోల మేత, వంద లీటర్లకు పైగా నీరు కావలసిన జంతువుకు అడవికీ చేనుకూ మధ్య గీత కనిపించదు.

వరంగల్ నుంచి కృష్ణా, పద్మావతి ఎక్స్‌ప్రెస్‌లలో దేనిలోనైనా తిరుపతి చేరి, అక్కడి నుంచి చిత్తూరు మీదుగా బస్సులో పలమనేరుకు వెళ్లవచ్చు. బస మాత్రం పలమనేరులోనే పెట్టుకోండి. పల్లెలోనే రాత్రి ఉండమని ఎవరైనా ప్రేమతో పిలిచినా, మొదటిసారి వెళ్లినప్పుడు ఒప్పుకోకపోవడమే మంచిది. రాత్రి కావలి కాసే ఇంటివారికి చీకట్లో దారి తెలియని అతిథి అదనపు భారం అవుతాడు. అభయారణ్యంలోకి అడుగు పెట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, కాబట్టి ముందుగా రేంజ్ కార్యాలయంలో మాట్లాడి, గుంపు ఆ వారం ఎటువైపు తిరుగుతున్నదో తెలుసుకున్న తర్వాతనే ఏ ఊరికి వెళ్లాలో నిర్ణయించుకోండి. ఊళ్లో ఎవరో ఒకరు మీ రాకను ముందే ఒప్పుకొని ఉండాలి. నలుగురైదుగురికి మించి వెళ్లవద్దు.

పంట చేతికొచ్చే రోజుల్లో వెళ్లకపోవడం మర్యాద. చెరకు, వరి కోతకొచ్చినప్పుడు రైతు రాత్రంతా మంచె మీద మేలుకొని, పగలు కాసేపు కునుకు తీస్తాడు. ఆ కునుకును మన కుతూహలం కోసం చెడగొట్టకూడదు. మిగతా రోజుల్లో కూడా ఉదయం బాగా పొద్దెక్కిన తర్వాత ఊరు చేరి, సాయంత్రం నాలుగు గంటలకల్లా బయలుదేరేటట్టు చూసుకోవాలి. ఏనుగులు చేలలోకి ఎక్కువగా పొద్దు గూకిన తర్వాత దిగి, తెల్లవారకముందే అడవికి మళ్లుతాయి. చీకటి వేళ అడవి దారిలో నడవడం ఎంత ప్రమాదమో 2025 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో జరిగిన ఘోరం చెబుతుంది. శివరాత్రి పండుగకు గుండాలకోనకు నడిచి వెళ్తున్న భక్తులు ఏనుగుల దాడిలో చనిపోయారు. వారు కూడా ఆ దారిన వెళ్తున్న యాత్రికులే.

సంచిలో అరటిపండ్లు, పనసతొనలు, బెల్లం, చెరకు ముక్కలు పెట్టుకోవద్దు. ఏనుగు చూపు అంత చురుకైనది కాదు గానీ, వాసన పట్టడంలో దానికి సాటి లేదు. అత్తరు, సెంటు పూసుకోకండి. ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు, పరుగెత్తడానికి వీలైన చెప్పులు, టార్చిలైటు, తాగునీరు ఉంటే చాలు. డ్రోన్ తీసుకెళ్లే ఆలోచనే వద్దు.

దారిలో ఏనుగు కనిపిస్తే వాహనాన్ని దూరంగానే ఆపి, హారన్ కొట్టకుండా, లైట్లు ఆర్పి వెలిగించకుండా, నెమ్మదిగా వెనక్కి తీసుకోవాలి. ఎవరూ కిందికి దిగకూడదు. నడకలో ఉన్నప్పుడు జాడలను గమనించండి. పొగలు కక్కే తాజా లద్దె, అప్పుడే విరిచిన కొమ్మలు, తడి ఆరని అడుగు కనిపిస్తే అక్కడి నుంచే వెనుదిరగాలి. ముందుకాలి అడుగు చుట్టుకొలతను రెట్టింపు చేస్తే దాదాపు భుజం ఎత్తు వస్తుంది కాబట్టి, అడుగు చూసే ఏనుగు ఎంతటిదో ట్రాకర్లు అంచనా వేయగలరు. మేస్తున్నంత సేపు చెవులు ఊపుతూ ఉండే ఏనుగు ఒక్కసారిగా ఊపడం మానేసి నిశ్చలంగా నిలబడితే, మిమ్మల్ని పసిగట్టిందని అర్థం. కణతల నుంచి జిగురు కారుతున్న మగ ఏనుగు మదంలో ఉంటుంది. పిల్లతో ఉన్న తల్లి విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. కొద్ది దూరంలో అది మనిషి కంటే వేగంగా పరుగెత్తగలదు. ఎంతటి ధైర్యవంతుడైనా దగ్గరికి పోయి ఫోటో తీయాలనుకోకూడదు. కనిపించిన చోటును వాట్సాప్‌లో పెట్టకండి, ఎందుకంటే గంటలో చేరే జనం ఆ గుంపును బెదరగొడితే, రాత్రికి దాని ఫలితం పక్క ఊరివారు అనుభవించవలసి వస్తుంది.

ఇక మాటల సంగతి. మన తెలంగాణలో అవ్వ అంటే తల్లి అని కూడా అర్థం, అక్కడ అవ్వ అంటే ముసలావిడ. కాబట్టి నడివయసు స్త్రీని అక్కా అనో అమ్మా అనో పిలవండి. మన తైదలనే వారు రాగులంటారు, సంగటి పెడితే వద్దనకండి. కానీ ఏనుగు దాడిలో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో, వారంతట వారు చెబితే తప్ప ఆ రోజు గురించి అడగవద్దు. తొక్కేసిన చేనును, విరిగిన డ్రిప్ పైపులను ఫోటో తీయాలన్నా రైతు అనుమతి తీసుకోవాలి.

అడగవలసినవి వేరే ఉన్నాయి. ఏ పంట మానుకున్నారు, ఏ పంటను ఇంటికి దగ్గరగా జరుపుకున్నారు? గుంపు వచ్చిందన్న కబురు ఊరంతటికీ ఎలా చేరుతుంది? కందకం, సోలార్ కంచె ఎక్కడ పనిచేశాయి, ఎక్కడ వాటిని ఏనుగు దాటేసింది? నష్టపరిహారానికి ఎన్నిసార్లు తిరగవలసి వచ్చింది? కర్ణాటక ప్రభుత్వం 2025 మేలో ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించిన కుంకీల వల్ల, అంటే అడవి ఏనుగులను మళ్లించడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగుల వల్ల, వారికి ఏమైనా ఊరట కలిగిందా అన్నది కూడా అడగండి. దొంగచాటుగా కరెంటు తీగలు పెట్టడం గురించి మాట వస్తే తీర్పరులుగా మాట్లాడకుండా, అది మనిషినీ చంపుతుందన్న మాట గట్టిగానే చెప్పండి.

వీలైతే ప్రాణహిత ఒడ్డు ఊళ్ల నుంచి ఒకరిద్దరు రైతులను మీ వెంట తీసుకెళ్లండి. ప్రశ్నలు వారినే అడగనివ్వండి. తెల్లవారుజామున మోటరు వేయడానికి పొలానికి పోవలసిన మనిషికి తట్టే ప్రశ్న మనకు తట్టదు. మీరు పక్కన కూర్చొని రాసుకోండి, తిరిగి వచ్చాక ఆ రాతను రెండు ఊళ్లవారికీ పంపండి.