తోడుగా వెళ్ళేవారికి: స్త్రీలపై హింస కేసు స్టేషను నుంచి కోర్టు దాకా నిలబడాలంటే

హింసకు గురైన స్త్రీ ఒంటరిగా పోలీసు స్టేషను మెట్లు ఎక్కడం మన ఊళ్ళలో అరుదు. పక్కింటి అక్కో, పొదుపు సంఘం లీడరో, అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో ఎవరో ఒకరు వెంట ఉంటారు. ఈ వ్యాసం అలా వెంట వెళ్ళేవారి కోసం రాస్తున్నాను. పిల్లలపై లైంగిక నేరాలకు 2012లో పోక్సో చట్టం వచ్చింది, 2013లో అత్యాచార చట్టాన్ని సవరించారు, 2024 జులై 1 నుంచి నేరాలనూ శిక్షలనూ చెప్పే భారతీయ న్యాయ సంహిత, పోలీసులూ కోర్టులూ నడవవలసిన పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలవుతున్నాయి. ఇంత చట్టం ఉన్నా కేసులు వీగిపోవడానికి కారణం, నేను చూసినంతలో, చాలాసార్లు మొదటి వారంలో రాసిన కాగితాల్లోనూ, ఆ కాగితాల్లో రాయకుండా వదిలేసిన మాటల్లోనూ ఉంటుంది.

ఫిర్యాదు ఆమె మాటల్లోనే ఉండాలి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. కొన్నేళ్ళ క్రితం కూలిపని నుంచి తిరిగి వస్తుండగా దాడికి గురైన ఒక స్త్రీ వెంట నేను స్టేషనుకు వెళ్ళాను. "నోరు మూసి పత్తి చేలోకి ఈడ్చాడు, జాకెట్టు చింపాడు" అని ఆమె స్పష్టంగా చెప్పింది. పిటిషను రాసిపెట్టిన పెద్దమనిషి, ఆడవాళ్ళ విషయం మర్యాదగా రాయాలనుకుని, "అసభ్యకరంగా ప్రవర్తించి చేయి పట్టుకుని లాగినాడు" అని రాశాడు. ఆమెకు చదువు రాదు, నేను ఆ కాగితాన్ని సరిగా చదవలేదు. ఏడాది దాటాక క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్సు లాయరు, చేలోకి ఈడ్చిన సంగతి గానీ జాకెట్టు చింపిన సంగతి గానీ ఆనాడు పోలీసులకు చెప్పలేదు కదా, ఇప్పుడు కల్పించి చెబుతున్నావు కదా అని అడిగినప్పుడు ఆమె నా వైపు చూసింది. ఆ జాకెట్టును కూడా ఎవరూ స్వాధీనం చేసుకోలేదు. ఆమెకు ఉన్నవి రెండే కావడంతో అప్పటికే ఉతికి, కుట్టుకుని తొడుక్కుంటోంది.

అందుచేత ఫిర్యాదు రాసేటప్పుడు "అఘాయిత్యం", "అసభ్య ప్రవర్తన", "పాడు పని" వంటి మాటలతో సరిపెట్టకండి. ఎవరు, ఎక్కడ, ఏ వేళ, ఏం అన్నారు, ఒంటి మీద ఎక్కడ ఏం చేశారు, ఎవరు చూశారు, ఆమె ముందుగా ఎవరికి చెప్పుకుంది అన్నవన్నీ ఆమె యాసలో, ఆమె వాడిన మాటతోనే రాయించండి. తేదీ గుర్తు లేకపోతే ఊహించి వేయవద్దు, "సంక్రాంతి వెళ్ళిన తరువాత సంత రోజు" అని ఆమె చెప్పినట్లే రాస్తే చాలు. నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే ఆ ఆలస్యానికి కారణం, అది భయం కావచ్చు, అత్తింటివారు కదలనివ్వకపోవడం కావచ్చు, ఫిర్యాదులోనే ఉండాలి. సంతకానికి లేదా వేలిముద్రకు ముందు మొత్తం కాగితాన్ని ఆమెకు వినపడేలా చదివి, తప్పున్న చోట దిద్దించండి. ఆమె చెప్పని మాటను మీరు కలపడం కూడా వదిలేయడమంత ప్రమాదకరమే.

స్టేషనులో అడగవలసినవి

"ఇది మా లిమిట్స్‌లోకి రాదు" అన్న జవాబు ఇక చెల్లదు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం తీసుకోవాలి, దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. ఫోనులో గానీ ఆన్‌లైన్‌లో గానీ పంపిన ఫిర్యాదుకైతే దాన్ని పంపినవారు మూడు రోజుల్లోపు సంతకం పెట్టాలి. లైంగిక నేరాల్లో బాధితురాలి వాంగ్మూలాన్ని మహిళా పోలీసు అధికారి గానీ మరో మహిళా అధికారి గానీ నమోదు చేయాలి. బాధితురాలు వికలాంగురాలైతే ఆమె ఇంటి వద్దో, ఆమె కోరిన చోటో, అవసరమైతే దుబాసీని పెట్టి నమోదు చేసి వీడియో తీయాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఆ ప్రతి చేతిలో పడనిదే ఇంటికి బయలుదేరవద్దు.

అత్యాచారం, యాసిడ్ దాడి వంటి నేరాల్లో ఫిర్యాదు నమోదు చేయని ఉద్యోగికి న్యాయ సంహిత 199వ సెక్షను కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష ఉంది. ఈ మాటను బెదిరింపుగా కాకుండా మర్యాదగా గుర్తు చేస్తే చాలాసార్లు పని జరుగుతుంది. జరగకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకుని రమ్మనడం మరో అడ్డంకి. అత్యాచారం రాజీకి వీలులేని నేరం, ఊరి పంచాయితీలో రాసుకున్న కాగితానికి చట్టంలో విలువ లేదు. నిందితుడు బాధితురాలి చేత రాఖీ కట్టించుకోవాలన్న బెయిలు షరతును 2021లో అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, పెళ్ళి గానీ రాజీ గానీ సూచించవద్దని న్యాయమూర్తులకే చెప్పింది. భార్యాభర్తల వివాదాల్లో మాత్రం ఎఫ్.ఐ.ఆర్. నమోదుకు ముందు ప్రాథమిక విచారణకు 2013 నాటి లలితా కుమారి తీర్పు చోటిచ్చింది. ఆమె ఇష్టపడితే కౌన్సెలింగుకు వెళ్ళవచ్చు గానీ, ఫిర్యాదు ఫలానా తేదీన అందినట్లు రసీదు తీసుకున్న తరువాతే వెళ్ళాలి.

స్టేషనంటే మనవాళ్ళకు ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషనులో ఒక స్త్రీపై అత్యాచారం జరిగింది, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఆ ఘటనపై విచారణ జరిపిన ముక్తదర్ కమిషన్ పోలీసులను దోషులుగా తేల్చినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆమె పేరు ఆనాడు ఊరూరా మోగింది, నేను ఇక్కడ రాయడం లేదు. అత్యాచార బాధితురాలి గుర్తింపును బయటపెట్టడం న్యాయ సంహిత 72వ సెక్షను కింద నేరం. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి "న్యాయం చేయండి" అని రాసేవారికి కూడా ఇది వర్తిస్తుందని చెప్పండి.

ఆస్పత్రికి ఆలస్యం వద్దు

వైద్యం ఎఫ్.ఐ.ఆర్. కోసం ఆగనక్కరలేదు. ప్రభుత్వాసుపత్రైనా, ప్రైవేటు ఆసుపత్రైనా అత్యాచార బాధితురాలికి ఉచితంగా చికిత్స చేయవలసిందే. గర్భనిరోధక మాత్ర, హెచ్.ఐ.వి. సోకకుండా వాడే మందులు 72 గంటల లోపు మొదలు కావాలి కాబట్టి, ఆ సంగతి డాక్టరు ఎత్తకపోతే మీరే అడగండి. పోలీసులకు సమాచారం అందిన 24 గంటల్లో, ఆమె సమ్మతితో పరీక్ష జరగాలి, నివేదిక ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. ఆమెకు లైంగిక అనుభవం ఉందో లేదో చూస్తామంటూ చేసే రెండు వేళ్ళ పరీక్షకు దిగేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పింది. ఒంటిపై గాయాలు లేవన్న మాట విని ఆమెను కుంగనివ్వకండి, ఎదిరించి పెనుగులాడనంత మాత్రాన సమ్మతించినట్లు కాదని చట్టంలోనే రాసి ఉంది.

వీలైతే పరీక్షకు ముందు స్నానం చేయనివ్వవద్దు, చేసి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పించండి. బట్టలను ఉతకకుండా, తడిగా ఉంటే నీడలో ఆరనిచ్చి, ఒక్కో బట్టను వేరు వేరు కాగితం సంచిలో పెట్టండి. పాలిథిన్ కవరులో పెడితే చెమ్మకు బూజు పట్టి ఆధారం చెడిపోతుంది. వాటిని తీసుకున్నట్లు పోలీసులు రాసే పంచనామాలో ప్రతి బట్ట పేరూ రంగూ ఉన్నాయో లేదో చూడండి. ఫోనులో బెదిరింపు మెసేజీలు ఉంటే స్క్రీన్‌షాట్ తీసి అసలును చెరిపేయడం మామూలుగా జరిగే పొరపాటు. కోర్టుకు అసలు ఫోను అవసరం కావచ్చు.

మేజిస్ట్రేటు ముందు, ఆ తరువాత

బాధితురాలు మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలాన్ని కోర్టు ఆవరణలో అందరూ ఇప్పటికీ 164 స్టేట్‌మెంటు అనే అంటారు, నాగరిక సురక్షా సంహితలో అది 183వ సెక్షను. వీలైనంతవరకు మహిళా మేజిస్ట్రేటే దీన్ని నమోదు చేయాలి. ముందు రాత్రి ఆమెకు మాటలు నేర్పకండి, నిద్ర పోనివ్వండి. గుర్తు లేనిదాన్ని గుర్తు లేదని చెప్పవచ్చని మాత్రం చెప్పండి. బాధితురాలు పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల అయితే పోలీసు అధికారి యూనిఫాం లేకుండా, ఆ పిల్ల ఇంటివద్దో, ఆ పిల్ల కోరిన చోటో మాట్లాడాలి. రాత్రిపూట పిల్లను స్టేషనులో ఉంచకూడదు.

అత్యాచారం, పోక్సో కేసుల్లో దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి. ఏ కేసులోనైనా 90 రోజుల్లోపు పురోగతిని బాధితురాలికి తెలియజేయాలి. ఈ రెండు తేదీలనూ క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, అడిగిన ప్రతిసారీ రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో హింస అయితే నేర విచారణ కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కరలేదు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ద్వారానో నేరుగానో మేజిస్ట్రేటును ఆశ్రయిస్తే ఇంట్లో ఉండే హక్కు, భర్త దగ్గరికి రాకుండా ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు అడగవచ్చు. ఆ రక్షణ ఉత్తర్వును మీరితే అది నేరం. హింసకు గురైన స్త్రీలకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రాలు, తెలంగాణలో భరోసా కేంద్రాలు ఈ పనుల్లో సాయపడతాయి. అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లు ఉన్నాయి. స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టడానికి తీర్పు దాకా ఆగవద్దు, మధ్యంతర పరిహారం కూడా అడగవచ్చు.

సాక్ష్యం చెప్పే రోజుకు ముందు పబ్లిక్ ప్రాసిక్యూటరును ఒకసారి కలవండి, ఆమె ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆమెకు మళ్ళీ గుర్తు చేసే వీలుందేమో ఆయన్నే అడగండి. అత్యాచార కేసు విచారణ తలుపులు మూసి జరగాలి. వరండాలో నిందితుడి బంధువుల పక్కనే గంటల తరబడి కూర్చోవలసి వస్తే, వేరే గది కావాలని కోర్టు సిబ్బందిని అడగండి, బెదిరింపులుంటే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టండి. ఆ రోజు ఆమెకు కూలి పోతుంది, బస్సు చార్జీలవుతాయి. సాక్షి బత్తా, అంటే సాక్షికి ఖర్చుల కింద ఇచ్చే డబ్బు, అడిగి తీసుకోవడం, మధ్యాహ్నం అన్నం తినిపించడం కూడా మీ పనే. నిందితుడు విడుదలైతే ఆ తీర్పుపై అప్పీలు చేసుకునే హక్కు ఆమెకూ ఉంది కాబట్టి, తీర్పు ప్రతికి అదే రోజు దరఖాస్తు పెట్టించి రండి.